రొమ్ములో గడ్డ తీయించుకున్నాక ఏది మామూలు, ఎప్పుడు పరుగెత్తాలి

అడిగిన సంగతి ఇదీ. పాలకొల్లు దగ్గర ఊరు, 26 ఏళ్లు. ఎడమ రొమ్ములో సుమారు 3 సెంటీమీటర్ల ఫైబ్రోఎడినోమా (క్యాన్సర్ కాని) గడ్డ తీశారు, ఇవాళ ఆరో రోజు. కుట్టు కింద గట్టిగా తగులుతోంది. రొమ్ము అడుగున నీలంగా, పచ్చగా ఉంది. ఉండుండి సూదితో పొడిచినట్టు చురుక్కుమంటోంది, చనుమొన ఒక పక్క మొద్దుబారింది. ఇంట్లో పప్పు, వంకాయ, చేప మాన్పించారు. గడ్డ మళ్లీ పుట్టిందా, చీము పడుతోందా అని భయం. తీసిన గడ్డని ల్యాబులో పరీక్షించిన రిపోర్టు తెచ్చుకోవడం అవసరమా, కార్తీక స్నానానికి గోదారికి వెళ్లొచ్చా అని కూడా అడిగారు.

మీరు చెప్పిన నాలుగూ ఆరో రోజుకి ఉండేవేనమ్మా. జ్వరం లేదు, ఎరుపు పాకడం లేదు, నొప్పి మొదటి రోజు కన్నా తక్కువే అంటున్నారు కాబట్టి భయం లేదు. ఈ ఆపరేషన్ తర్వాత ఏది కనిపించినా రెండు ప్రశ్నలు వేసుకోండి. ఎన్నో రోజున మొదలైంది? నిన్నటి మీద ఇవాళ తగ్గిందా, పెరిగిందా? అదే నొప్పి రెండో రోజున మామూలు, తగ్గిపోయాక ఎనిమిదో రోజున మళ్లీ మొదలైతే మామూలు కాదు.

గట్టిదనం ఎందుకంటే, గడ్డ తీసిన చోట నిమ్మకాయంత ఖాళీ మిగులుతుంది. అందులోకి మొదట కాస్త రక్తం, రసి చేరతాయి, తర్వాత కొత్త కండ అల్లుకుంటుంది. లోపల కరిగే దారంతో వేసిన కుట్ల ముడులు కూడా చేతికి తగులుతాయి. రెండో వారంలో ఇది ఇంకాస్త తెలుస్తుంది, 6 వారాలకు మెత్తబడ్డం మొదలెట్టి 2, 3 నెలల్లో సర్దుకుంటుంది. మానుతున్న కండ కోత పొడవునా పొలంగట్టులా ఉంటుంది, కదలదు. ఫైబ్రోఎడినోమా అయితే గోళీలా వేళ్ల కింద జారిపోతుంది. పైగా 3 సెంటీమీటర్ల గడ్డ ఆరు రోజుల్లో మళ్లీ పెరగదు. రోజుకి పదిసార్లు నొక్కి చూసుకోవడం మానండి, నొక్కుతుంటే వాపు తగ్గదు.

నీలం కిందికి దిగడం జబ్బు పాకడం కాదు. కమిలిన రక్తం బరువుకి జారుతుంది, అందుకే కోత పైన ఉన్నా రంగు రొమ్ము అడుగున, ఒక్కోసారి పక్కటెముకల మీద కనిపిస్తుంది. నీలం కాస్తా ఆకుపచ్చ, తర్వాత పసుపు అయి రెండు మూడు వారాల్లో పోతుంది. ఆ పసుపు చూసి చీము అనుకుంటారు, అది విరిగిపోతున్న రక్తం రంగు. చురుకులు, మొద్దుబారడం చర్మానికి వెళ్లే సన్నటి నరాలు తెగినందువల్ల. చురుకు వచ్చి సెకన్లలో పోతుంటే పట్టించుకోవద్దు. చనుమొన చుట్టూ నల్లటి భాగం అంచున కోసిన వాళ్లకు మొద్దు నెలల తరబడి ఉంటుంది, కొందరికి కొంచెం మిగిలిపోతుంది కూడా.

ఇక మామూలు కానివి, రోజుల వరసలో చెబుతాను. మీకు గడిచిపోయిన రోజులు కూడా రాస్తున్నాను, ఇంకా ఆపరేషన్‌కి వెళ్లబోయే వాళ్లూ చదువుతారు.

మొదటి 24 గంటల్లో భయం రక్తానిది. పట్టీ మీద రూపాయి బిళ్లంత మరక ఉంటే ఫర్వాలేదు. మరక పెరిగి తడిస్తే పట్టీ విప్పకుండా, దాని మీదే శుభ్రమైన గుడ్డ మడతపెట్టి అరచేత్తో గట్టిగా 15 నిమిషాలు నొక్కాలి. మధ్యలో తీసి చూడకూడదు, చూసిన ప్రతిసారీ కట్టిన రక్తపు గడ్డ ఊడి మొదటికొస్తుంది. అప్పటికీ ఆగకపోతే ఆసుపత్రికి. బయటికి కారని రక్తం ఇంకా మోసం చేస్తుంది. పట్టీ పొడిగానే ఉంటుంది, గంట గంటకీ రొమ్ము బిగిసి, రెండో దానికన్నా పెద్దదై, చర్మం మెరుస్తూ, మాత్ర వేసినా నొప్పి ఎక్కిపోతుంటుంది. లోపల రక్తం గడ్డకడుతోందని అర్థం. తెల్లారేదాకా ఆగకూడదు, మళ్లీ తెరిచి రక్తనాళం కట్టాల్సి రావచ్చు. కళ్లు తిరిగినా, గుండె దడగా కొట్టుకున్నా 108కి ఫోన్ చెయ్యండి. లంక గ్రామాల వాళ్లు, ముఖ్యంగా వరద రోజుల్లో, ఆపరేషన్ అయిన సాయంత్రమే పడవెక్కి ఇంటికి పోకుండా రెండు రాత్రులు రోడ్డున్న ఊళ్లో బంధువుల ఇంట ఉండడం మంచిది. రాత్రి పదకొండింటికి రేవులో పడవ దొరకదు.

మూడో రోజు నుంచి పదో రోజు దాకా చీము కాలం. మీరిప్పుడు ఇందులోనే ఉన్నారు. కోతకి అటూ ఇటూ అర సెంటీమీటరు ఎరుపు ఉండొచ్చు. అది పాకుతోందా అని అనుమానం వస్తే బాల్‌పెన్నుతో ఎరుపు అంచు వెంట గీత గీసి పక్కన టైము రాయండి. 12 గంటల తర్వాత ఎరుపు గీత దాటిందంటే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. చెయ్యి పెడితే కాలినట్టు ఉండడం, తగ్గిన నొప్పి మళ్లీ మొదలై సలుపుగా మారడం, చిక్కటి, వాసన వచ్చే చీము, 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, చలి, వణుకు, ఇవి కూడా అంతే. థర్మామీటరు మాత్ర వేసుకోక ముందు పెట్టుకోండి, పారాసెటమాల్ వేసుకున్నాక చూస్తే జ్వరం దాక్కుంటుంది. షుగరున్న వాళ్లు ఈ వారం రోజులూ షుగరు చూసుకుంటూ ఉండాలి. ఉన్నట్టుండి పెరిగితే, పుండు పైకి బాగానే కనిపించినా లోపల చీము పడుతుండొచ్చు.

మన దగ్గర ఉక్క వల్ల ఇక్కడో తికమక. పట్టీ అంటించిన చోట దురద, ఎర్రటి పొక్కులు సరిగ్గా పట్టీ ఆకారంలో చతురస్రంగా వస్తే అది జిగురు పడక వచ్చింది, చీము కాదు. ఆ ప్లాస్టరు మార్పించి కాగితం టేపు వేయించుకోండి. రొమ్ము కింది మడతలో రెండు పక్కలా ఎర్రగా, తేమగా, దురదగా ఉంటే చెమటకి పుట్టిన తామర. రోజుకి రెండుసార్లు తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, పొడి నూలు గుడ్డ మడతలో పెట్టుకుంటే సగం తగ్గుతుంది, మిగతా సగానికి డాక్టరు ఇచ్చిన ఫంగస్ పూత. టాల్కం పౌడరు కోత మీద పడనివ్వద్దు. చీము నొప్పి పెడుతుంది, ఈ రెండూ దురద పెడతాయి. తేడా అక్కడే తెలిసిపోతుంది.

అయిదో రోజు నుంచి రెండో వారం చివరిదాకా కొందరికి నీరు పడుతుంది. నొప్పి లేని వాపు, కదిపితే లోపల నీళ్ల సంచిలా ఊగుతుంది, జ్వరం ఉండదు. చిన్నదైతే మూడు నాలుగు వారాల్లో అదే ఇంకిపోతుంది. బరువుగా, బిగువుగా ఉంటే ఆసుపత్రిలో సూదితో లాగుతారు, రెండు మూడుసార్లు పట్టొచ్చు. ఊళ్లో సూది వేసే ఆయన చేత మాత్రం లాగించుకోవద్దు. మంచి నీటిని చీముగా మార్చడానికి ఒక్క మురికి సూది చాలు. కోత ఓ మూల విచ్చుకుని లేత పసుపు నీళ్లు కారితే శుభ్రమైన గాజుగుడ్డ పెట్టి, మర్నాటికల్లా చూపించండి. చిక్కగా, వాసనగా ఉంటే మర్నాటి దాకా కూడా వద్దు.

మూడో వారం నుంచి కనిపించే ఒక వింత గురించి ఆసుపత్రిలో ఎవరూ ముందుగా చెప్పరు. చెయ్యి పైకెత్తినప్పుడు రొమ్ము మీంచి పొట్టవైపో, చంకవైపో చర్మం కింద వీణ తీగ లాగినట్టు ఒక బిగువైన తాడు. నొక్కితే నొప్పి. పైపైన ఉన్న సిరలో రక్తం గడ్డకట్టడం వల్ల వస్తుంది, మాండర్ జబ్బు అంటారు. చూడ్డానికి భయంగా ఉంటుంది గానీ 4 నుంచి 8 వారాల్లో అదే కరిగిపోతుంది. గోరువెచ్చని గుడ్డ కాపడం, డాక్టరు రాసిన నొప్పి మాత్ర చాలు. అయినా ఒకసారి చూపించండి, అరుదుగా దాని వెనక వేరే కారణం ఉంటుంది.

నెల దాటాక, మానిపోయిన కుట్టు మీద కొత్తగా ఎర్రటి బొడిపె లేచి, పగిలి, కారి, మూసుకుని, మళ్లీ లేస్తుంటే దాన్ని మామూలు చీముగా తీసెయ్యకండి. రెండు రకాల యాంటీబయాటిక్ వాడినా తగ్గలేదంటే మూడోది అడక్కుండా, అక్కడి ముక్కని, చీముని పరీక్షకి పంపమని అడగండి. రొమ్ముకి కూడా టీబీ వస్తుంది. ఆపరేషన్ తర్వాత టీబీ కాని, దాని జాతికే చెందిన క్రిములు కూడా పడతాయి. ఇవి మామూలు కల్చర్‌లో (క్రిముల్ని పెంచి చూసే పరీక్షలో) దొరక్కపోవచ్చు, వీటి కోసమని చెప్పి ప్రత్యేకంగా కల్చర్ పెట్టించాలి. టీబీకి సీబీనాట్ పరీక్ష, మందులు ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. గ్రాన్యులోమాటస్ మాస్టైటిస్ అని ఇంకొకటి ఉంది, ఇలాగే కారుతుంది, దాని వైద్యం వేరు. మూడింటినీ విడదీసేది ముక్క, కల్చర్ పరీక్షలే.

ఇప్పుడు రిపోర్టు. "అవసరమా" అని అడిగారు చూశారూ, ఈ ఉత్తరంలో నాకు కంగారు పుట్టించింది ఆ ఒక్క మాటే. గడ్డ తీయడం పని సగమే, అదేమిటో తేల్చడం మిగతా సగం. ముందు స్కానింగ్‌లో, సూది పరీక్షలో ఫైబ్రోఎడినోమా అన్నా, మొత్తం గడ్డని కోసి చూస్తే ఒక్కోసారి ఫైలోడీస్ అనే దాని అన్నలాంటి గడ్డ బయటపడుతుంది. తీసిన ముక్క 10 శాతం ఫార్మలిన్‌లో (కుళ్లకుండా ఉంచే మందునీళ్లలో), ముక్కకి పదింతల ద్రవంలో ల్యాబుకి వెళ్లాలి. చిన్న ఆసుపత్రుల్లో సీసా బంధువుల చేతికిచ్చి భీమవరమో, రాజమండ్రో, కాకినాడో తీసుకెళ్లమంటారు. అలాంటప్పుడు మూత బిగువుగా ఉందా, సీసా ఒంటి మీదే (మూత మీద కాదు) పేరు, వయసు, ఏ పక్క రొమ్ము, తారీఖు రాశారా చూసుకోండి. సెలైన్‌లోనో నీళ్లలోనో వేస్తే ముక్క కుళ్లిపోయి పరీక్షకి పనికిరాదు. ఫ్రిజ్‌లో పెట్టినా ఫార్మలిన్ లేనిదానికి లాభం లేదు. ఇంటికి తెచ్చి నలుగురికీ చూపించి మర్నాడు పంపుదాం అనుకోవడం అన్నిటికన్నా చెడ్డపని.

రిపోర్టు మామూలుగా వారం పది రోజుల్లో వస్తుంది. ఫోన్‌లో "ఏం లేదట" అని వినడం చాలదు, కాగితం చేతికి రావాలి. ఫైబ్రోఎడినోమా అనే ఉంటే ఇంక మందులేవీ అక్కర్లేదు. అయితే వేరే చోట కొత్తది పుట్టొచ్చు, అది తీసింది తిరిగి రావడం కాదు. ఫైలోడీస్ అని ఉంటే అంచుల గురించి రాసిన వాక్యం చూడాలి. అంచు దాకా గడ్డ ఉందంటే, అది ఏ రకమో చూసి మళ్లీ కొంత వెడల్పుగా తీయాల్సి రావచ్చు. మంచి రకమైనా చెప్పిన గడువుల్లో చూపించుకుంటూ ఉండాలి, ఇది అదే చోట మళ్లీ రావచ్చు. "ఎటిపికల్" అన్న మాట కనిపిస్తే క్యాన్సర్ అని కాదు, కానీ ముందు ముందు ఏటా పరీక్ష తప్పకూడదని అర్థం. రెండో అభిప్రాయం కావాలంటే కాగితం తీసుకెళ్తే సరిపోదు. ల్యాబులో మీ ముక్క ఉన్న మైనపు దిమ్మ, గాజుపలకలు దాచి ఉంచుతారు, వాటిని అడిగి తీసుకెళ్లాలి. అసలు ముక్క పంపనే లేదని తేలితే డాక్టరుతో తగువు పెట్టుకుని లాభం లేదు. ముందు చేసిన సూది పరీక్ష, స్కానింగ్ కాగితాలు భద్రం చేసుకుని, ఆరు నెలలకు మళ్లీ స్కానింగ్ చేయించండి. అంతకు ముందే చేస్తే మానుతున్న పుండు గడ్డలా కనిపించి అనవసరపు భయం.

పత్యం గురించి. పప్పు తింటే చీము పడుతుందన్న మాట గోదావరి జిల్లాల్లో ఇంటింటా ఉంది. చీము క్రిముల వల్ల పడుతుంది, కందిపప్పు వల్ల కాదు. కొత్త కండ అల్లుకోడానికి మాంసకృత్తులు కావాలి, అవి ఉండేదే పప్పులో, గుడ్డులో, చేపలో, పెరుగులో. పది రోజులు చారన్నం మీద పడుకోబెడితే పుండు ఆలస్యమవుతుంది. వంకాయ, గోంగూర మీకు ఎప్పుడూ దురద పెట్టకపోతే ఇప్పుడూ పెట్టవు. అత్తగారితో వాదన ఎందుకనుకుంటే కొర్రమేను పులుసు అడగండి. పుండు మానడానికి మంచిదని ఆవిడే ఒప్పుకుంటారు, మనకి కావాల్సిన మాంసకృత్తులూ వస్తాయి. మలబద్ధకం రాకుండా ఆకుకూరలు, నీళ్లు. పుండు మీద మాత్రం పసుపు, కాఫీపొడి, ఆకుపసరు, ఆముదం, కొబ్బరినూనె ఏవీ వద్దు. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా వద్దు, అవి క్రిములతో పాటు కొత్త కండనీ కాలుస్తాయి.

నొప్పికి పారాసెటమాల్ 650 మాత్ర, 6 గంటలకొకటి, రోజుకి 4 దాటకుండా. జలుబు మాత్రల్లోనూ ఇదే మందు ఉంటుంది, రెండూ కలపొద్దు. లివర్ జబ్బున్న వాళ్లు డాక్టరుని అడిగాకే. ఆస్పిరిన్ నొప్పికి వాడొద్దు, రక్తం కారుస్తుంది. గుండె కోసం ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడే వాళ్లు సొంతంగా మానెయ్యకండి, ఎప్పుడు మొదలెట్టాలో ఆపరేషన్ చేసినవారే చెప్పాలి. మూడు నాలుగు రోజులు దాటాక మాత్ర అవసరం తగ్గుతూ రావాలి.

బ్రా సంగతి మొహమాటానికి ఎవరూ చెప్పరు, కానీ నొప్పి తగ్గించడంలో మాత్ర తర్వాత దాని పనే. మొదటి వారం పది రోజులు రాత్రి కూడా ఉండాలి. తీగ లేనిది, ముందు హుక్కులది, నూలుది, బిగువుగా పట్టేది. చెమట పడితే రోజుకి రెండుసార్లు మార్చండి. ఆటోలో గతుకుల రోడ్డు మీద వెళ్లేటప్పుడు అరచేత్తో రొమ్ముని పట్టి ఉంచుకోండి, ఊగినప్పుడల్లా లోపలి కుట్టు లాగుతుంది.

చెయ్యి మాత్రం కదపకుండా కట్టేసుకోవద్దు. తల దువ్వుకోవడం, అన్నం కలుపుకోవడం మొదటి రోజు నుంచే. అలా దాచుకుని కూర్చుంటే పుండు మానుతుంది గానీ భుజం పట్టేస్తుంది. బరువులు వేరే సంగతి. నీళ్ల బిందె, గ్యాస్ సిలిండరు, చంటిపిల్లని ఆ చేత్తో ఎత్తడం, రోట్లో రుబ్బడం రెండు వారాలు ఆగాలి. స్కూటీ బ్రేకు గట్టిగా నొక్కి చూసుకుంటే నొప్పి రాకూడదు, అది వారం పది రోజులకు కుదురుతుంది. నాట్లకీ, కొబ్బరి వలుపుకీ వెళ్లే వాళ్లు మూడు వారాలు. పాలిచ్చే తల్లులైతే పాలు ఆపొద్దు. రెండో పక్కన పట్టండి, కోత చనుమొనకి దూరంగా ఉంటే డాక్టరుని అడిగి ఇదే పక్కనా పట్టొచ్చు. పాలు నిలిచిపోతే గడ్డకట్టి వాపు పెరుగుతుంది.

కుట్లు కరిగే దారమైతే తీసేది ఉండదు. నైలాన్ అయితే 7 నుంచి 10 రోజుల్లో తీస్తారు, ఆలస్యమైతే నిచ్చెన మెట్లలా మచ్చలు పడతాయి. పుండు పూర్తిగా మూసుకున్నాక, మూడో వారం నుంచి సిలికాన్ జెల్ గానీ పట్టీ గానీ రోజుకి 12 గంటలు, రెండు మూడు నెలలు వాడితే మచ్చ అణిగి ఉంటుంది. మచ్చ కోత గీత దాటి పక్కకి పాకుతూ, దురదతో ఉబ్బుతుంటే కీలాయిడ్. చెవి కుట్టిన చోటో, టీకా చోటో ఇంతకు ముందు అలా ఉబ్బిన వాళ్లు ముందే చెప్పాలి. ఉట్టినే కత్తిరించి తీసేస్తే చాలాసార్లు మళ్లీ వస్తుంది, ఒక్కోసారి ఇంకా పెద్దదై, దాని వైద్యం ఇంజెక్షన్లతో మొదలవుతుంది.

ఈ ఆపరేషన్‌తో సంబంధం లేకుండా ఏ రొమ్ములోనైనా ఎప్పుడు కనిపించినా చూపించాల్సినవి ఇవి. ఒక నెలసరి గడిచినా పోని కొత్త గడ్డ, అందులోనూ గట్టిగా, అంచు తెలియకుండా, కదలకుండా ఉన్నది. చర్మం సొట్టపడడం. బత్తాయి తొక్కలా గుంటలు గుంటలుగా మందమవడం. ఇన్నాళ్లూ బయటికున్న చనుమొన లోపలికి లాక్కుపోవడం. నొక్కకుండానే ఒకే రంధ్రం నుంచి నెత్తురో, నీళ్లలాంటిదో కారడం. చనుమొన మీద పూతలకి తగ్గని పొక్కు. చంకలో గడ్డ. రొమ్మంతా ఎర్రబడి యాంటీబయాటిక్ పది రోజులు వాడినా తగ్గకపోతే అది చీము కాకపోవచ్చు, ఇంకో కోర్సు వాడేలోగా ముక్క పరీక్ష జరగాలి. వీటిలో చాలావాటికి నొప్పి ఉండదు, నొప్పి లేదు కదా అని చాలామంది ఆగిపోయేది అందుకే. నెలసరి మొదలైన 5 నుంచి 10 రోజుల మధ్య నెలకోసారి అద్దం ముందు చూసుకోండి, ఆ రోజుల్లో రొమ్ము మెత్తగా ఉంటుంది. 30 దాటిన వాళ్లకు రొమ్ము పరీక్ష ఊళ్లో ఏఎన్ఎం, ఆశా ద్వారా ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలోనే చేస్తారు.

స్నానం. 48 గంటలు దాటాక చెంబుతో గోరువెచ్చని నీళ్లు మామూలుగా పోసుకోవచ్చు, కోత మీద సబ్బు రుద్దకుండా, మెత్తటి తువ్వాలుతో అద్ది ఆరనివ్వాలి. మునిగే స్నానం వేరు. కాలవ, చెరువు, గోదారి, ఏదైనా సరే పుండు పూర్తిగా మూసుకుని పైన పెంకులు రాలిపోయే దాకా, అంటే మూడు వారాలు, వద్దు. మీ ఆరో రోజు లెక్కన చూస్తే కార్తీకంలో మొదటి సోమవారాలు ఇంటి దగ్గర చెంబుతోనే కానివ్వండి. కుట్టు ఆరిపోయి కనిపిస్తే పౌర్ణమి దాటాక వచ్చే రోజుల్లో రేవుకి వెళ్లొచ్చు. వెళ్లే ముందు ల్యాబు రిపోర్టు మాత్రం తప్పకుండా తెచ్చుకోండి.